విప్పే ముందు ఎత్తాలి

పోయినేడు అక్టోబర్‌లో మా టీంలో పనిచేసే ఒక పెద్దాయన తన ట్రావెల్ ట్రైలర్‌ని నాలుగు రోజులకి అరువిచ్చాడు. అరవై దాటిన టెక్సస్ మనిషి. ట్రావెల్ ట్రైలర్ అంటే చక్రాల మీద ఇల్లు. మంచం, పొయ్యి, బాత్రూమ్ అన్నీ ఉన్న 24 అడుగుల డబ్బా. దానికి ఇంజన్ ఉండదు, పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కుపోవాలి. ట్రక్కు కూడా ఆయనదే. "నడపడం ఎవడైనా నడుపుతాడు. తగిలించడం, విప్పడం వస్తేనే తాళాలిస్తా" అని షరతు పెట్టాడు. ఒక శనివారం పొద్దున తన వాకిట్లో నా చేత మూడుసార్లు తగిలించి, మూడుసార్లు విప్పించాడు.

నేను నాలుగేళ్ళు మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, ఆ తర్వాత పద్నాలుగేళ్ళుగా కోడ్ రాసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. చేతికి గ్రీజు అంటిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయినా ఆయన చెప్పిన మొదటి పాఠానికే నేను పాలకుర్తి వెళ్ళిపోయాను. ట్రైలర్ ముందుకొన ట్రక్కు వెనకున్న ఇనుప బంతి మీద కూర్చుంటుంది. ఆ బంతి మీద పడే బరువుని టంగ్ వెయిట్ అంటారు. అది ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. తక్కువైతే వేగం అందుకోగానే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. మరీ ఎక్కువైతే ట్రక్కు వెనక భాగం కూలబడుతుంది.

ఈ లెక్కని మా నాయిన చేతులతో కొలిచేవాడు.

పాలకుర్తి ఇప్పుడు జనగామ జిల్లా. 2016 అక్టోబర్ 11 దాకా వరంగల్ జిల్లా. బయటివాళ్ళకి మా ఊరు పాల్కురికి సోమనాథుడి పేరుతోనో, చాకలి ఐలమ్మ పేరుతోనో తెలుసు. నాకు ఊరంటే ముందు గుర్తొచ్చేది నాయిన ఎడ్లబండి. ఎడ్లబండికి ఒకటే ఇరుసు, రెండు చక్రాలు. వడ్ల బస్తాలు ఇరుసుకి ముందుగా ఎక్కువ వేస్తే కాడి ఎడ్ల మెడల్ని నొక్కుతుంది. వెనక ఎక్కువ వేస్తే నొగలు పైకి లేచి, మెడ కింద కట్టిన తాడు గొంతుకి బిగుసుకుంటుంది. బస్తాలన్నీ ఎక్కించాక, ఎడ్లని కట్టకముందు, నాయిన బండి ముందుకొచ్చి కాడిని రెండు చేతులతో పైకెత్తి ఒక్క క్షణం ఆగేవాడు. "ఒక్క బస్తా యెనకకు జరుపుండ్రి" అనేవాడు. జరిపాక మళ్ళీ ఎత్తేవాడు. చిన్నప్పుడు ఇదంతా నాకు చాదస్తంగా అనిపించేది. ఎందుకని ఒకసారి అడిగితే, "నేనొక్కణ్ణి లేపగల్గాలె బిడ్డా. గంతకు మించి జీవాల మెడల మీద పెట్టొద్దు" అన్నాడు.

బండి చెరువు కట్ట ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి పోతుంది. అప్పుడు నాయిన ముందుకి జరిగి నొగల మీద కూర్చునేవాడు. కట్ట దిగేటప్పుడు వెనక్కి జరిగి బస్తాలకి ఆనుకునేవాడు. తన ఒంటినే చివరి బస్తాగా వాడుకునేవాడు. ఇంత చేసినా ఎడ్ల మెడలు కాయలు కాసే ఉండేవి. సాయంత్రం వాటికి ఆముదం రాసేవాడు. నేను ఇంజనీరింగ్‌లో చేరిన ఏడు ఆ ఎడ్లని అమ్మేశాడు. ఫీజు కోసమా అంటే "కాదు, ముసలివైనయ్" అంటాడు ఇప్పటికీ.

ఆ తర్వాత కిరాయి ట్రాక్టర్లు వచ్చాయి. రెండు చక్రాల ట్రాలీలో ముందుకి ఎక్కువ బరువు పడితే ట్రాక్టర్ మూతి పైకి లేవడం మా ఊళ్ళో అందరూ చూసిందే. ముందు టైర్లు నేలని సరిగ్గా పట్టకపోతే స్టీరింగ్ ఎంత తిప్పినా బండి తిరగదు. పికప్ ట్రక్కుకి వచ్చే ఇబ్బందీ అదే, కాకపోతే కంటికి కనబడనంత మెల్లగా వస్తుంది. మా ట్రైలర్ సామానుతో కలిపి 6000 పౌండ్లు. బంతి మీద 700 పౌండ్లు పడుతుందనుకోండి. బంతి ట్రక్కు వెనక ఇరుసుకి అయిదడుగులు వెనకుంది. ట్రక్కు రెండు ఇరుసుల మధ్య దూరం పన్నెండు అడుగులు. ఇది ఉయ్యాలబల్ల లెక్క. వెనక ఇరుసు మీద పడేది 700 కాదు, దాదాపు 1000. ఆ ఎక్కువైన 300 ముందు ఇరుసు నుంచి తేలిపోయినది. అంటే వెనక టైర్లు ట్రైలర్ బరువుతో పాటు ముందు టైర్లు మోయాల్సినదాన్ని కూడా మోస్తున్నాయి.

దీనికి విరుగుడుగా వాడేదే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్. హిచ్ తల నుంచి రెండు బలమైన స్ప్రింగ్ బార్లు ట్రైలర్ చట్రం కిందుగా వెనక్కి సాగి ఉంటాయి. వాటి వెనక కొసల్ని గొలుసులతో పైకి లాగి చట్రానికి బిగిస్తారు. బార్లు విల్లులా వంగుతాయి. తోపుడుబండి పిడులు పట్టుకుని పైకెత్తినట్టు, ఆ బిగువు ట్రక్కు వెనక భాగాన్ని పైకి లేపుతుంది. తేలిపోయిన బరువులో కొంత ముందు ఇరుసుకి తిరిగొస్తుంది, ఇంకొంత వెనక ట్రైలర్ ఇరుసుల మీదకి పోతుంది. సరిగ్గా బిగిసిందా లేదా అన్నది టేపుతో కొలిచి చూడాలి. ట్రైలర్ తగిలించకముందు ముందు చక్రం పైనున్న మడ్‌గార్డ్ అంచు నేల నుంచి ఎంత ఎత్తుంది, తగిలించాక ఎంత లేచింది, బార్లు బిగించాక ఎంత దిగింది.

మొత్తం కూడితే ఒక్క పౌండు కూడా తగ్గదు. పెద్దాయన దీన్ని రెండుసార్లు చెప్పాడు. "ఇది ఉందని ఎక్కువ బరువు వేయకు. ఇది బరువు తగ్గించదు, పంచుతుంది అంతే."

బార్లు బిగించడానికి ఒక క్రమం ఉంది. ముందు ట్రైలర్‌ని బంతి మీదకి దించి, తాళం వేసి, పిన్ను పెట్టాలి. సేఫ్టీ చెయిన్లు తగిలించాలి. ఆ తర్వాత జాక్ తిప్పి ట్రైలర్ ముందుకొనని, దానితో పాటు ట్రక్కు వెనక భాగాన్ని కూడా నాలుగంగుళాలు పైకెత్తాలి. అప్పుడు బార్లు దాదాపు బిగువు లేకుండా ఉంటాయి, గొలుసు సులువుగా ఎక్కుతుంది. విప్పేటప్పుడూ అంతే. మొదట ట్రైలర్ చక్రాలకి అడ్డుచెక్కలు. తర్వాత రెండిటినీ కలిపి పైకెత్తడం. బిగువు పోయాకే బార్లు తీయడం. ఎత్తకుండా తీస్తే ఏమవుతుందని అడిగాను. ఆయన నా మొహం వైపు చూసి, "అది నిన్ను కొడుతుంది" అన్నాడు.

డల్లస్ నుంచి పాలో డ్యూరో కెనియన్‌కి 360 మైళ్ళ పైచిలుకు. ఫోర్ట్‌వర్త్ దాటాక 287 హైవే మీద వాయవ్యంగా పోతూనే ఉండాలి. విచిటా ఫాల్స్ దాటాక చెట్లు పలచబడి, గాలి పక్కల నుంచి కొట్టడం మొదలవుతుంది. ట్రైలర్ నిటారుగా, బుద్ధిగా వెనక వస్తోంది. ముందు టైర్లు రోడ్డుని పట్టుకున్న సంగతి చేతులకి తెలుస్తోంది. గర్వంగా అనిపించింది. ఆ గర్వంలో, వెనక సీట్లో ఉన్న మా ఆరేళ్ళ పాపకి బమ్మెర కథ చెప్పాను.

బమ్మెర మా పాలకుర్తి మండలంలోనే ఉంది. పోతన మావాడే అని మేము చెప్పుకునే ఊరు. కథ తెలిసిందే, రకరకాలుగా చెబుతారు. శ్రీనాథుడు పల్లకీలో వస్తుంటాడు. పోతన కొడుకు పొలం దున్నుతుంటాడు. శ్రీనాథుడు తన మహిమ చూపించడానికి ఒక పక్క బోయీల్ని తప్పుకోమంటాడు. పల్లకీ ఆగదు. పోతన కొడుకుతో ఒక ఎద్దుని విప్పమంటాడు. నాగలి ఆగదు. శ్రీనాథుడు రెండో పక్క బోయీల్ని కూడా పొమ్మంటాడు. ఇక్కడ రెండో ఎద్దునీ విప్పేస్తారు. పల్లకీ గాల్లో నడుస్తుంది, నాగలి తనంత తాను దున్నుతుంది.

మా పాప కాసేపు ఆలోచించి, "మరి బోయీలు ఎక్కడికెళ్ళారు?" అని అడిగింది.

నేను ఈ కథని కనీసం యాభైసార్లు విని ఉంటాను. రాజాశ్రయానికీ సేద్యానికీ మధ్య పోటీ అని దీని మీద ఒకప్పుడు వ్యాసం కూడా రాశాను. బోయీల గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. "పక్కన నడుస్తూ ఉండి ఉంటారు" అన్నాను. "ఓహ్, మంచిదేలే, రెస్ట్ దొరికింది" అంది పాప.

కెనియన్‌లోకి దిగే రోడ్డు ఏటవాలు. కింది గేరులో మెల్లగా దించాను. మా చోటుకి చేరేసరికి సాయంత్రం ఆరయ్యింది. ఎర్రటి రాతిగోడల మీద వెలుతురు పైపైకి పోతోంది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. చీకటి పడకముందే ట్రైలర్ విప్పేసి, ట్రక్కు తీసుకెళ్ళి కట్టెలు కొనుక్కురావాలని నా తొందర. అడ్డుచెక్కలు పెట్టాను. జాక్ తిప్పి ఎత్తడానికి అయిదు నిమిషాలు పడుతుంది. ఆ అయిదు నిమిషాలు ఎందుకనిపించింది. బార్ గొలుసు ఉన్న కొక్కేనికి పైపు తొడిగి, కిందికి వంచాను.

తర్వాత ఏం జరిగిందో సరిగ్గా చూడలేదు, విన్నాను. పైపు నా చేతుల్లోంచి ఎగిరిపోయి ట్రైలర్ చట్రానికి గంటలా మోగింది. పోతూ పోతూ ముంజేతిని గీరుకుంటూ పోయింది. తల రెండడుగుల దూరంలో ఉంది. మా ఆవిడ బయటికొచ్చి "ఏమైంది?" అంటే, "ఏం లేదు, జారింది" అన్నాను. రెండో బార్‌కి జాక్ తిప్పాను.

మర్నాడు పొద్దున కాఫీ డబ్బా కోసం పైకి వెళ్తే, గట్టు మీదకి రాగానే ఫోన్ ఆగకుండా మోగడం మొదలుపెట్టింది. అక్క నుంచి పదకొండు మిస్డ్ కాల్స్. మొదటిది ముందురోజు సాయంత్రం అయిదూ యాభైకి. పాలకుర్తిలో అప్పుడు తెల్లవారుజామున నాలుగూ ఇరవై.

నాయినకి రెండేళ్ళ క్రితం పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. అమ్మ లేదు. అక్కని ఊళ్ళోనే ఇచ్చారు. బావకి ఎరువుల దుకాణం. నాయిన జబ్బుపడ్డప్పటి నుంచీ అక్క పొద్దునా రాత్రీ మా ఇంట్లోనే ఉంటోంది. ఆ తెల్లవారుజామున ఆమె కళ్ళు అంటుకున్న పది నిమిషాల్లో నాయిన ఒక్కడే లేచి బాత్రూమ్ దాకా పోయి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. అక్క ఒక్కతే ఆయన్ని లేపి, మంచం మీదకి చేర్చి, బావని పిలిచి, హనుమకొండ తీసుకెళ్ళింది. నేను ఫోన్ చేసేసరికి ఆపరేషన్‌కి తేదీ కూడా ఖాయం చేసింది. "నువ్వు పరేషాన్ గాకు తమ్మీ. నేనున్న గద" అంది.

నేనున్న గద. రెండేళ్ళుగా ప్రతి ఫోన్‌లోనూ వింటున్న మాట. దాన్ని విని నిశ్చింతగా పెట్టేయడం అలవాటైపోయింది.

ఆ గట్టు మీద నిలబడి, అక్కకి సాయం చేస్తున్నాననే అనుకుంటూ మాట్లాడాను. "ఇక నువ్వు చెయ్యలేవక్కా. మనిషిని పెడదాం. లేదంటే హైదరాబాద్‌లో మంచి హోమ్‌లున్నాయట, నెలకి ఎంతైనా నేనే కడతా. నువ్వు ఫ్రీ అయిపో" అన్నాను.

ఫోన్ కట్టయిందనుకున్నాను. తర్వాత అక్క గొంతు వచ్చింది, నేను ఎప్పుడూ వినని గొంతు. "ఫ్రీ అయిపోవాల్నా? ఎట్లయిత? నువ్వచ్చి ఒక్కనాడు లేపినవా నాయినను? ఏ పక్కకెళ్ళి పట్టాల్నో ఎరికేనా నీకు? పైసలు గట్టి నన్ను ఇడిపిస్తవా? నేనేమన్న జైల్ల ఉన్ననా?" ఇంకా చాలా అంది. అవి ఇక్కడ రాయను. చివర్లో ఏడ్చింది. "సర్లే, డాక్టర్ పిలుస్తుండు" అని పెట్టేసింది.

మూడోరోజు ట్రైలర్ తిరిగి ఇచ్చేటప్పుడు పెద్దాయన నా ముంజేతి మీద నల్లబడ్డ గాయం చూశాడు. ఏమీ అడగలేదు. "ఎత్తకుండా విప్పావు కదూ" అన్నాడు. ఔనన్నాను. ఆయన జాక్ దగ్గర కూర్చుని తిప్పుతూ, నాకు కాకుండా జాక్‌కి చెబుతున్నట్టుగా అన్నాడు: "అందరూ బార్‌లో ఏదో లోపం ఉందనుకుంటారు. అది మోస్తోంది. మోస్తున్నదాన్ని విప్పాలంటే ముందు నువ్వు ఎత్తి పట్టుకోవాలి. అప్పుడు దానంతటదే వదిలేస్తుంది."

ఆయన హిచ్ గురించే చెప్పాడు. నేను ఆ రాత్రి కాగితం మీద ఇంజనీరింగ్ మొదటేడులో గీసినట్టు బొమ్మ గీశాను. నాయిన, అక్క, బావ, నేను, బాణం గుర్తులు. నేను పంపే డబ్బుకి ఎక్కడ బాణం గీయాలో చాలాసేపు తెలియలేదు. మందులు, డాక్టరు, ఫిజియోథెరపీ అన్నీ అందులోంచే. అది లేకపోతే బండి కదలదు, నిజమే. కానీ తెల్లవారుజామున నాలుగింటికి నాయిన చంకల కింద చేతులు వేసి లేపే బరువులో ఒక్క పౌండు కూడా అది మోయడం లేదు. పైగా నేను ఇక్కడ ఎంత తేలికైతే అక్క అక్కడ అంత కుంగింది. ముందు ఇరుసు తేలితే ఆ బరువు మాయమవదు, వెనక ఇరుసు మీదకి పోతుంది. మా ఇంట్లో ముందు ఇరుసు నేను. స్టీరింగ్ కూడా నా చేతిలోనే ఉందనుకుంటున్నాను: ఏ డాక్టరు, ఏ హోమ్, ఎంత ఖర్చు. నేలకి ఆనని టైర్లతో రెండేళ్ళుగా స్టీరింగ్ తిప్పుతున్నాను.

డిసెంబర్‌లో వెళ్ళి అయిదు వారాలున్నాను. రాత్రి ఏడు నుంచి రెండింటి దాకా డల్లస్ ఆఫీసు, తర్వాత నాయిన పక్కన మంచం. మొదటి వారం అక్క నన్ను ఒక్కణ్ణీ ఏదీ చెయ్యనివ్వలేదు. పక్కన నిలబడి చెప్పింది. నాయినని లేపడానికీ ఒక క్రమం ఉంది. ముందు మోకాళ్ళు మడవాలి. ఆపరేషన్ అయిన తుంటి మీద బరువు పడకుండా ఎడమపక్కకి ఒత్తిగిలించాలి. కాళ్ళు మంచం దించి, ఒక్క నిమిషం కూర్చోబెట్టాలి, లేకపోతే కళ్ళు తిరుగుతాయి. అప్పుడు నడుముకి కట్టిన బెల్టు పట్టుకుని, "నాయినా, ఒకటీ రెండూ మూడూ" అని చెప్పి లేపాలి. చెప్పకుండా లేపితే ఆయన బిగుసుకుపోతాడు, రెట్టింపు బరువవుతాడు. రెండుసార్లు నేను చెప్పకుండా లేపాను. రెండుసార్లూ నా నడుము పట్టేసింది. అక్క నవ్వలేదు. "గట్లనే అయితది. నాకు ఆర్నెల్లు పట్టింది" అంది.

రెండో వారం చివర అక్క చెప్పకుండానే వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను లేపుతున్నాను. ఆమె తిరిగి చూడలేదు. మూడో వారం హైదరాబాద్‌లో చదువుతున్న కూతురి దగ్గరికి పోయి వస్తానంది. పదిరోజులు ఉంది. నేను పొమ్మనలేదు. మొదటి రెండు రోజులు గంటకోసారి ఫోన్ చేసింది. తర్వాత రోజుకి రెండుసార్లు. ఒకరోజు అసలు చెయ్యలేదు. ఏమైందోనని నేను చేస్తే, "పండుకున్న తమ్మీ. పన్నెండు గంటలు పండుకున్న" అంది, ఏదో తప్పు చేసినట్టు.

ఆమె వచ్చాక ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. రాత్రి పూటకి ఊళ్ళోనే ఒక మనిషిని కుదిర్చాం. ఎవరిని, ఎంతకి, ఏ గంట నుంచి అన్నది అక్కే తేల్చింది. ఆమాట అక్టోబర్‌లో నేనన్నదే. అప్పుడు కోపం తెప్పించిన మాట ఇప్పుడు ఎందుకు కుదిరిందో మేమెవరం పైకి అనుకోలేదు. ఏడాదికి రెండుసార్లు, ఆరేసి వారాలు నేను రావాలని మా ఆవిడా నేనూ ముందే అనుకుని వచ్చాం. ఆఫీసు ఒప్పుకున్నంత కాలం. ఇదంతా కలిపినా నాయిన బరువు తగ్గదు. నేను విమానం ఎక్కగానే ఎక్కువ భాగం మళ్ళీ అక్క మీదే పడుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

బయల్దేరే ముందురోజు మధ్యాహ్నం నాయినకి ఫోన్‌లో ట్రైలర్ ఫోటోలు చూపించాను. మాట ఇంకా ముద్దగానే వస్తుంది, అర్థం చేసుకోవాలి. ట్రక్కు, ట్రైలర్, మధ్యలో హిచ్. వేలితో ఫోటోని పెద్దది చేయమన్నాడు. బంతి మీద ట్రైలర్ ముందుకొన కూర్చున్న చోట వేలు పెట్టి, "మెడ మీద ఎంత?" అన్నాడు.

"మూడు క్వింటాళ్ళ పైన" అన్నాను.

"శానా బరువు" అని తల ఆడించి, ఆ వేలినే స్ప్రింగ్ బార్ పొడుగూతా మెల్లగా జరిపాడు. గొలుసు దగ్గర ఆగాడు. ఇది ఎందుకుందో నేనింకా చెప్పలేదు. నా ముంజేతి మీద మచ్చ సంగతీ చెప్పలేదు.

"ఇది ఇప్పెటప్పుడు పైలం బిడ్డా" అన్నాడు.